చిట్టిగెడ్డ గుప్పిటమ్మ తల్లి మూసిన చెయ్యి

చిట్టిగెడ్డ బస్సుస్టాండులో దిగి, రైసుమిల్లు పక్కనున్న మట్టిరోడ్డు పట్టుకుని పావుగంట నడిస్తే తాటిచెట్ల నడుమ ఒక మెట్ట కనిపిస్తుంది. ఆ మెట్ట మీద తూర్పు ముఖంగా, సున్నం వేసిన చిన్న గుడిలో శ్రీ గుప్పిటమ్మ తల్లి కొలువై ఉన్నది. ఆటోలు మెట్ట కింద వరకే వస్తాయి. అక్కడి నుంచి ఎంతటివారైనా నడవవలసిందే. గుడిలో ముందుగా పసుపు పూసిన రాయి, దాని వెనుక గోడ నిండుగా రంగులలో అమ్మవారి రూపం దర్శనమిస్తాయి. ఎర్రచీర, ముక్కుకు నత్తు, మెడలో మూడు పేటల కంటె. ఎడమచెయ్యి చీరకొంగు చాటున ఉంటుంది. కుడిచెయ్యి గుండెల దగ్గరకు ఎత్తి, గట్టిగా గుప్పిట మూసి ఉంటుంది.

అభయహస్తం చూపే అమ్మవార్లను, ఆయుధాలు పట్టిన అమ్మవార్లను భక్తులు చాలాచోట్ల దర్శించి ఉంటారు. గుప్పిట మూసిన తల్లి మాత్రం మరెక్కడా లేదని ఆలయ కమిటీ వారి నమ్మకం. కొత్తగా వచ్చినవారు దీని గురించి తలో విధంగా అనుకుంటారు. అమ్మ ఎవరినో గుద్దబోతున్నదని కొందరు, కుస్తీలు పట్టేవారికి ఇలవేల్పు అని కొందరు. ఒక సంవత్సరం ఎక్కడి నుంచో ఒక కబడ్డీ జట్టు వచ్చి పదకొండు కొబ్బరికాయలు కొట్టి వెళ్లింది. ఆ ఏడాది వారు మొదటి ఆటలోనే ఓడిపోయి, మళ్లీ ఇటువైపు రాలేదు. ఇటువంటి అపోహలు తొలగి, జరిగినది జరిగినట్టుగా అందరికీ తెలియాలని ఈ చిన్న పుస్తకం వేయడమైనది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గోడ లేదు, బొమ్మ లేదు. పూర్వం అంటే మరీ యుగాల నాటి మాట కాదు. ఊరికి కరెంటు వచ్చి, రేడియో ఇంకా పంచాయతీ ఆఫీసులో ఒక్కటే ఉన్న రోజులు. మెట్ట మీద రాయి ఒక్కటే ఉండేది. మేకల కాపరి ఒకడు అలసిపోయి ఆ రాయి మీద కూర్చోబోతే అతని మేకపోతే వచ్చి కుమ్మి కింద పడేసిందని, రెండోసారి కూర్చున్నా పడేసిందని, మూడోసారి కూర్చోబోయే ముందు ఇది కూర్చునే రాయి కాదని అతనికి జ్ఞానం కలిగిందని పెద్దలు చెబుతారు. అప్పటి నుంచి ఆ రాయిని మెట్టమ్మ అని పిలిచి, పసుపు పూసి, ఆషాఢంలో ఒకసారి పండుగ చేసేవారు. మెట్టమ్మ గుప్పిటమ్మ అయినది వానపల్లి తవిటయ్య వల్ల.

తవిటయ్య తల్లికి అంతకుముందు పుట్టిన నలుగురూ పురిటిలోనే పోయారు. ఇతడు పుట్టగానే ఆచారం ప్రకారం చేటలో పెట్టి పొరుగింటామెకు ఇచ్చేసి, మానెడు తవుడు కొలిచి మళ్లీ తెచ్చుకున్నారు. అలా తవుడుకు వచ్చినవాడు కనుక తవిటయ్య. బడికి అయిదో తరగతి వరకు వెళ్లాడు. ఆ అయిదేళ్లూ పలక మీద అక్షరాల కంటే ఎడ్లే ఎక్కువ ఉండేవి. తరువాత నిజమైన ఎడ్ల కొమ్ములకు రంగులు వేయడం మొదలుపెట్టాడు. బొగ్గు, సున్నం, పసుపు, ఇటుకపొడి, చాకిరేవులో దొరికే నీలిమందు ఆయన రంగులు. గురువు ఎవరని అడిగితే అగ్గిపెట్టె అని చెప్పేవాడు. అది వేళాకోళం కాదు. అగ్గిపెట్టెల మీది బొమ్మలు, బీడీకట్టల మీది కాగితాలు చూసి చూసి బొమ్మ నేర్చుకున్నాడు. ముఖం వచ్చింది, చీర కుచ్చిళ్లు వచ్చాయి, చిలకలు, నెమళ్లు, పులులు అన్నీ వచ్చాయి. చెయ్యి ఒక్కటే రాలేదు. అగ్గిపెట్టె మీద బొమ్మే వేలెడంత ఉంటుంది, అందులో చెయ్యి ఆవగింజంత. చెయ్యి అనేది ఎలా ఉంటుందో ఆ గురువు ఆయనకు చెప్పనే లేదు.

పెద్దయ్యాక చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ బోర్డులు రాసేవాడు ఆయన ఒక్కడే అయ్యాడు. ఆ రోజులలోని బోర్డులు చూసినవారు ఇంకా ఉన్నారు. టైలరు బొమ్మ వేస్తే మోచేతుల దాకా గుడ్డలో మునిగి ఉండేవాడు. డాక్టరు ఎప్పుడూ కోటు జేబులలో చేతులు పెట్టుకుని నిలబడేవాడు. హోటలు బోర్డు మీద ఇడ్లీలు వడ్డించే ఆవిడ చేతులను ఇడ్లీల మీది పొగ కప్పేసేది. కృష్ణుడి వేణువు పెదవుల దగ్గరే ఉండేది గాని, దానిని పట్టుకున్న చేతులకు నెమలి అడ్డం వచ్చేది. ఒకసారి ఎన్నికలలో ఒక పార్టీవారు వచ్చి ఊళ్లోని గోడలన్నిటి మీదా తమ గుర్తు వేయమన్నారు. ఆ గుర్తు చెయ్యి. తవిటయ్య నడుం నొప్పి అని చెప్పి పదిహేను రోజులు మంచం దిగలేదు. తవిటయ్య అవతలి పార్టీకి ప్రాణం పెడతాడని ఊరంతా అనుకున్నది. అవతలి పార్టీవారు ఇంటికి వచ్చి కండువా కప్పి వెళ్లారు.

ఈ గుట్టు తెలిసిన మనిషి ఆయన భార్య సన్యాసమ్మ ఒక్కతే. ఆమెది గాజుల వ్యాపారం. భుజాన గాజుల దండల మలారం వేసుకుని వీధి వీధి తిరిగి, సంతలలో కూర్చుని గాజులు తొడిగేది. చిట్టిగెడ్డలోని ఆడవాళ్లందరి చేతులూ ఆమెకు తెలుసు. ఎవరి ఎముక పెద్దది, ఎవరి బొటనవేలు మొండిది, ఎవరి చెయ్యి పట్టుకుంటే నవ్వు వస్తుంది, అన్నీ తెలుసు. అటువంటి ఆవిడ మొగుడికి చేతులు రాకపోవడం ఆమెకు మొదట నవ్వులాటగా, తరువాత జాలిగా ఉండేది.

తవిటయ్యకు మాత్రం మనసులో ఒక దిగులు ఉండేది. ఆయన వేసినది ఏదీ నిలిచేది కాదు. కొమ్ముల రంగు మొదటి వానకు పోయేది. కొట్టు చేతులు మారితే బోర్డు మారిపోయేది. గోడ మీది బొమ్మల మీద ఎవరో ఒకరు సున్నం వేసేవారు. తన తరువాత కూడా ఉండే బొమ్మ ఒక్కటైనా వేయాలని ఆయన ఆశ.

ఆ రోజులలో ఊరి పెద్ద మజ్జి పోలినాయుడు పూనుకుని మెట్టమ్మకు గుడి కట్టించాడు. రాయి వెనుక గోడ మీద అమ్మవారి రూపం వేయించాలని పట్నం నుంచి ఒక చిత్రకారుణ్ణి పిలిపించాడు. ఆయన మెట్ట ఎక్కి, గోడ చూసి, రెండు చెంబుల నీళ్లు తాగి, వడదెబ్బ తగిలిందని చెప్పి వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లిపోయాడు. అప్పుడు తవిటయ్యకు కబురు వచ్చింది.

పోలినాయుడి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు బండి బోల్తా పడి ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకున్నాడు. కట్టు విప్పేసరికి అయిదు వేళ్లూ చాచినవి చాచినట్టే బిగుసుకుపోయాయి. అప్పటి నుంచి ఆయన ఎవరితో మాట్లాడినా అరచెయ్యి ఎత్తి దీవిస్తున్నట్టే ఉండేది. కూలివాళ్లను తిట్టినా దీవించినట్టే ఉండేది. ఎరగనివారు దండం పెట్టేవారు. ఆయనకు ఇది అలవాటై, కొంత నచ్చింది కూడా. అందుచేత అమ్మవారికి అభయహస్తం ఉండితీరాలని పట్టుబట్టాడు. తన చెయ్యే ఎత్తి తవిటయ్యకు చూపించాడు.

"ఇదుగో, ఇలాగుండాల. గెడ్డ అవతలోళ్లక్కూడా అమ్మోరి సెయ్యి అగుపించాల" అని ఊరి వాగు అవతలి గట్టు వైపు చూపాడు.

తవిటయ్య ఆ చేతిని చూశాడు. గోడను చూశాడు. కొత్తగా పూసిన సిమెంటు గోడ, వాన తగలని గోడ, ఎవరూ సున్నం వేయని గోడ. భయం ఒక పక్క లాగుతుంటే, ఆశ ఇంకో పక్క లాగింది. సరే నాయుడు బావూ అన్నాడు.

గోనెపట్టాలు అడ్డం కట్టి పని మొదలుపెట్టాడు. ముఖం తొమ్మిది రోజులలో వచ్చింది. అది చూసి సన్యాసమ్మ మధ్యాహ్నం తెచ్చిన అంబలి దింపకుండానే చేతులు జోడించింది. చీర, నగలు మరో పది రోజులలో అయిపోయాయి. ఇక కుడిచెయ్యి మిగిలింది. చేతిని హస్తం అంటారు. అరటి గెలలో ఒక్కొక్క కాయల వరుసను కూడా హస్తమే అంటారు. తవిటయ్య మొదటిసారి వేసినది రెండవ రకం. సన్యాసమ్మ తల పక్కకు వంచి చాలాసేపు చూసి, నైవేద్యం బాగున్నది గాని అమ్మవారి చెయ్యి ఎప్పుడు వేస్తావని అడిగింది. గీకేసి మళ్లీ వేస్తే ఆరు వేళ్లు వచ్చాయి. మూడోసారి వేళ్లు అయిదే గాని బొటనవేలు అటుపక్క వచ్చి, కుడిభుజానికి ఎడమచెయ్యి మొలిచింది. అలా పదిహేడుసార్లు వేసి గీకాడు.

పోలినాయుడు రోజూ మనిషిని పంపేవాడు. తవిటయ్య ఒకరోజు రంగు ఆరలేదన్నాడు. ఒకరోజు మంగళవారం చెయ్యి వేయకూడదన్నాడు. ఇంకొక రోజు, అమ్మవారి చెయ్యి కనుక మనసు శుద్ధి కావాలన్నాడు. చివరి మాట ఊరంతా పాకింది. తవిటయ్య గోనెపట్టాల వెనుక దీక్షలో ఉన్నాడని, గడ్డం అందుకే పెంచాడని చెప్పుకున్నారు. మునులు అడవులలో తపస్సు చేశారని వింటాము. తవిటయ్య తపస్సు ఇలా చేతగానితనం వల్ల ప్రారంభమైనది. దీక్షాపరుడని ఆడవాళ్లు పళ్లెంలో పసుపునీళ్లు తెచ్చి ఆయన కాళ్లు కడిగేవారు. ఎండుచేపలు లేనిదే ముద్ద దిగని మనిషి ఇరవై రోజులు చప్పిడి అంబలి తాగాడు. సన్యాసమ్మ తాను మాత్రం ఇంట్లో తినేది. ఆ వాసన ఆమె కొంగుకు అంటుకుని మెట్ట మీదికి వచ్చేది. ఆ తపస్సులో అన్నిటికంటే కష్టమైనది అదేనని తవిటయ్య తరువాత చెప్పేవాడు.

శుక్రవారం ఉదయం పట్టాలు తీయాలని పోలినాయుడు ముహూర్తం పెట్టి చుట్టూ ఏడూళ్లలో చాటింపు వేయించాడు. గురువారం మధ్యాహ్నం, గోడ మీద కుడిచెయ్యి ఉండవలసిన చోట ఇంకా గీకిన మచ్చే ఉన్నది. తవిటయ్య అంబలి తాగి, పారిపోయే దారి గురించి ఆలోచిస్తూ, గోడకు చేరగిలబడి నిద్రపోయాడు.

కలలో తాను సంతలో సన్యాసమ్మ మలారం ముందు వేసుకుని కూర్చున్నాడు. ఎర్రచీర కట్టిన ఒక ఆడమనిషి వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని, మూసిన గుప్పిట చాచింది. గాజులు తొడగాలి, చెయ్యి విప్పమని అడిగాడు. ఆమె నవ్వింది.

"ఇప్పితే నువ్వు గియ్యగలవేటి?"

తవిటయ్య చేతిలోని గాజులు మలారంలో పెట్టేశాడు.

"నీకొచ్చింది ఎయ్యి తవిటీ. రానిది నా గుప్పిట్లో ఒగ్గేయ్. నాను దాస్తాను" అన్నది ఆమె.

మెలకువ వచ్చేసరికి మీసాల మీద అంబలి, దాని మీద ఈగలు. తవిటయ్య లేచి, ముఖం కూడా కడుక్కోకుండా కుంచె అందుకున్నాడు. గుప్పిట వేయడం ఆయనకు కష్టం కాలేదు. గుండ్రంగా వెలగపండు, దాని మీద నాలుగు గీతలు, అడ్డంగా బొటనవేలు. పొద్దు వాలకముందే పూర్తి అయినది. ఇరవై రోజుల తరువాత ఆ రాత్రి ఎండుచేపల కూరతో కడుపునిండా తిని, పడుకున్నాడు.

మరునాడు ఉదయం ఏడూళ్ల జనం మెట్ట మీద ఉన్నారు. డప్పులు మోగుతుండగా పట్టాలు తీశారు. డప్పులు ఆగిపోయాయి. ముఖం చూసి దండం పెట్టబోయిన చేతులు గుప్పిట చూసి సగంలో నిలిచిపోయాయి. ఒక పసిబిడ్డ ఏడ్చింది.

అప్పట్లో పూజారి ఆదెమ్మ అనే ముసలావిడ. మెట్టమ్మకు పసుపు పూసేది ఆమే, పండుగనాడు పూనకం వచ్చేది ఆమెకే. ఆమె గోడ దగ్గరకు వెళ్లి తేరిపార చూసి, గుప్పిట్లో ఏమున్నదని తవిటయ్యను అడిగింది. తవిటయ్యకు అబద్ధాలన్నీ అప్పటికే అయిపోయాయి.

"నాకు తెల్దమ్మా" అన్నాడు.

వేసినవాడికే తెలియనిది అంటే అది అమ్మవారికే తెలిసినదని ఆదెమ్మ జనం వైపు తిరిగి గట్టిగా చెప్పింది. కొందరు తలలు ఊపారు. పోలినాయుడు ఊపలేదు. తాను అడిగినది అభయం, వచ్చినది గుద్దు. ఏడూళ్ల ముందు తన మాట పోయింది. ఆయన జనాన్ని తోసుకుని ముందుకు వచ్చి, తవిటయ్యను నోటికి వచ్చినట్టు తిడుతూ కుడిచెయ్యి పైకి ఎత్తాడు. తిట్టు సగంలో ఉండగా జనం నుంచి ఒక పెద్ద గోల లేచింది. అందరూ ఆయన చేతినే చూస్తున్నారు. పోలినాయుడు కూడా తలెత్తి చూసుకున్నాడు. రెండేళ్లుగా ముడుచుకోని అయిదు వేళ్లూ బిగిసి, గుప్పిట మూసుకుని ఉన్నాయి.

అది అమ్మవారి మహిమో, నాయుడుగారి కోపమో ఆలయ కమిటీ ఇంతవరకు తేల్చలేదు. పోలినాయుడు మాత్రం అప్పటికప్పుడే తేల్చేశాడు. ఆ గుప్పిటతోనే నేల మీద సాగిలపడ్డాడు. ఆయన వెనుక ఏడూళ్లూ సాగిలపడ్డాయి. నిలబడి ఉన్నది ఇద్దరే. గోడ మీద అమ్మవారు, గోడ పక్కన తవిటయ్య. ఆయన కూడా మొక్కాలో, ఇదే అదను అని ఇంటికి పోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

అప్పటి నుంచి మెట్టమ్మ గుప్పిటమ్మ అయినది. జనం కోరికను గుప్పిట్లో మూసుకుని వచ్చి అమ్మ ఎదుట నిలబడడం మొదలుపెట్టారు. మంచి ఆచారమే గాని, అందులో ఒక చిక్కు వచ్చిపడింది. మూసిన గుప్పిట ఎక్కడ విప్పాలో ఎవరికీ తెలియలేదు. గుడిలోనే విప్పితే కోరిక జారిపోతుందని కొందరు, గెడ్డ దాటే దాకా విప్పకూడదని కొందరు. కొందరు అలాగే బస్సు ఎక్కి, టికెట్టుకు జేబులో చెయ్యి పెట్టలేక కండక్టరుతో తగవు పడేవారు. ఒక పెళ్లికొడుకు మూసిన గుప్పిటతో పీటల మీద కూర్చుంటే, తాళి కట్టే వేళకు పెద్దలు బతిమాలి విప్పించవలసి వచ్చింది.

తవిటయ్య పేరు మారుమోగింది. గుప్పిట తవిటయ్య అనేవారు. తన కొట్టు బోర్డు మీద కూడా ఒక గుప్పిట వేయమని టైలరు అడిగాడు, డాక్టరు అడిగాడు. ఆయన వేసేవాడు గాని ఆ పేరు విన్నప్పుడల్లా చెవులు ఎర్రబడేవి. జనం దండం పెడుతున్నది తన చేతగానితనానికి అని ఆయనకు తోచేది. గుడికి వెళ్లినా గుప్పిట వైపు చూడకుండా, రాయి వైపు చూసి వచ్చేసేవాడు.

ఒకనాడు సన్యాసమ్మ ఇక చూడలేక, తన చెయ్యి ఆయన ముందు పెట్టి వేయమన్నది. వేశాడు. మళ్లీ అరటి హస్తమే. ఆమె కాగితం లాక్కుని పక్కన పడేసింది.

"సేతుల్ని కళ్లతో సూత్తే తెలవదు. నానెవరి సేతులూ సూడను. పట్టుకుంటాను. కళ్లు మూసుకోనీసి పట్టుకో" అన్నది.

ఆనాటి నుంచి తవిటయ్య అసలైన తపస్సు మొదలైనది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని భార్య చెయ్యి పట్టుకునేవాడు. ఏ కణుపు దగ్గర వేలు ఎంత వంగుతుంది, బొటనవేలి కింద కండ ఎక్కడ మొదలవుతుంది, అన్నీ వేళ్లతో తడిమి, కళ్లు తెరిచి గాజులు చుట్టే పాత కాగితాల మీద గీసేవాడు. నడివయసులో మొగుడూ పెళ్లాలు పట్టపగలు అరుగు మీద చేతులు పట్టుకుని కూర్చుంటున్నారని వీధిలో నవ్వుకున్నారు. సన్యాసమ్మ పట్టించుకోలేదు. సంతలో తవిటయ్య ఆమె పక్కన కూర్చుని, వచ్చినవారి చేతులన్నీ గుడ్లప్పగించి చూస్తుంటే ఒకామె మొగుడు తగవుకు వచ్చాడు. సన్యాసమ్మ ఆ మొగుడి చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, చిన్న సైజు గాజు ఒకటి చటుక్కున ఎక్కించేసింది. అది ఊడి రాక అతడు సాయంత్రం దాకా చెయ్యి కొంగు కింద దాచుకున్న ఆడపిల్లలా, తువ్వాలు కప్పుకుని తిరిగాడు. మళ్లీ ఎవరూ తగవుకు రాలేదు.

అలా పదకొండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం తవిటయ్య గీసిన కాగితం చూసి సన్యాసమ్మ చేతిలోని గాజులు కింద పెట్టింది. చిటికెనవేలు కొద్దిగా బయటికి వంకర తిరిగి ఉన్న చెయ్యి. చిన్నప్పుడు తలుపు సందున పడి వంకరపోయిన వేలు అది.

"ఇది నాదే" అన్నది. కాగితం మడిచి మలారంలో పెట్టుకున్నది.

మరునాడే తవిటయ్య ఆలయ కమిటీ ముందుకు వెళ్లాడు. గుడి ముందు పందిట్లో పోలినాయుడు, పెద్దలు పదిమంది, ఆదెమ్మ కూర్చున్నారు. తవిటయ్య చేతులు కట్టుకుని ఉన్నదంతా చెప్పేశాడు. తనకు చేతులు వేయడం ఏనాడూ రాలేదని, గుప్పిట వేసినది అందుకేనని, ఇప్పుడు వచ్చిందని, సెలవిస్తే అమ్మవారి చెయ్యి విప్పి అందరూ మొదట అడిగిన అభయహస్తం వేస్తానని చెప్పాడు. పదకొండేళ్లుగా మోసిన బరువు దిగిపోయి, ఇప్పుడు తిట్టినా కొట్టినా ఫరవాలేదనిపించింది.

ఎవరూ తిట్టలేదు. ఎవరూ నమ్మలేదు. తవిటయ్యకు ఎంత అణకువో చూడండి, పేరంతా అమ్మవారికే ఇచ్చేస్తున్నాడని ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. చెయ్యి విప్పడం అనే మాట మాత్రం అందరికీ ఆలస్యంగా అర్థమైనది. అర్థం కాగానే పందిరి అదిరిపోయింది. తన మనవరాలి సంబంధం ఇంకా ఆ గుప్పిట్లోనే ఉన్నదని, తేలేదాకా విప్పడానికి వీల్లేదని ఒకరు. మా ఊరి వాన అందులో ఉన్నదని ఒకరు. పదకొండేళ్లుగా ఏడూళ్లవారు దాచుకున్నవన్నీ ఒక్కసారిగా బయటపడితే ఎవరిది ఎవరికి పోతుందో అని ఇంకొకరు. పోలినాయుడు లేచి గోడకు అడ్డంగా నిలబడి, మూసి తెరిచే తన కుడిచెయ్యి చూపించి, ముందు దీని సంగతి తేల్చి ఆ తరువాత అమ్మ గుప్పిట మీద చెయ్యి వేయమన్నాడు.

తవిటయ్య మెట్ట వెనుకకు వెళ్లి, గుడి నీడలో కూర్చుని ఏడ్చాడు. రానప్పుడు ఎవరికీ చెప్పలేకపోయాడు. వచ్చాక ఎవరికీ అక్కరలేకపోయింది. కొంతసేపటికి ఆదెమ్మ కర్ర ఊతంగా వచ్చి పక్కన చతికిలబడింది. అందరికంటే ఆమె ముసలిది. అప్పటికి చూపు కూడా సరిగా ఆనేది కాదు.

"నీకు సేతులు రావని నాకు ముందునించీ ఎరికే" అన్నది. "టైలరుకి సెయ్యి లేదు, డాక్టరుకి లేదు, కిట్నమూర్తికీ లేదు. నానేటి గుడ్డిదాన్నా? అప్పుడింకా కళ్లున్నాయి."

మరి ఆనాడు ఎందుకు చెప్పలేదని తవిటయ్య అడిగాడు.

"నీకు కలొచ్చినాదని నువ్వు సెప్పినావేటి? నానూ సెప్పలేదు" అన్నది ఆదెమ్మ. ఆ కల సంగతి తవిటయ్య అప్పటిదాకా ఎవరికీ చెప్పి ఎరగడు. తరువాత చెయ్యి చాచి, వాళ్లు ఆనుకుని కూర్చున్న వెనుక గోడను తడిమింది. నున్నగా సున్నం వేసిన గోడ, ఖాళీగా ఉన్నది.

"ముందుపక్క నీకు రానిది ఉన్నాది. దాన్నొగ్గేయ్, అది అమ్మోరిది. ఈపక్క నీకొచ్చింది ఎయ్యి."

తవిటయ్య మూడు రోజులలో వేశాడు. గోనెపట్టాలు కట్టలేదు, దీక్ష పట్టలేదు, ఎండుచేపలు మానలేదు. పక్కన సన్యాసమ్మ కూర్చుని గాజులు జతలు కడుతుండగా, గుడి వెనుక గోడ మీద, మనిషి భుజం ఎత్తున, విప్పిన కుడి అరచేతిని వేశాడు. నిజం చేతి కొలతే. రేఖలున్నాయి, కణుపులున్నాయి, మణికట్టు మీద అరడజను గాజులున్నాయి, చిటికెనవేలు కొద్దిగా బయటికి వంకర తిరిగి ఉన్నది. పూర్తి అయ్యాక కుంచె కడిగి, మొదటిసారిగా గుడి ముందుకు వెళ్లి గుప్పిట వైపు తిన్నగా చూసి దండం పెట్టాడు.

ఆ తరువాతి శుక్రవారం ప్రదక్షిణ చేస్తున్న ఒక ఆడమనిషి, గుప్పిట మూసుకుని వెనుకవైపు వచ్చి ఆ చేతిని చూసి ఆగింది. ఎవరూ చెప్పకుండానే తన గుప్పిట విప్పి, అరచెయ్యి ఆ అరచేతికి ఆనించింది. వెనుక వచ్చినావిడ కూడా అలాగే చేసింది. గుప్పిట ఎక్కడ విప్పాలన్న చిక్కు ఆనాటితో తీరిపోయింది. కండక్టర్లు కూడా సంతోషించారు.

తవిటయ్య ఆ తరువాత పద్నాలుగేళ్లు బతికాడు. టైలరు బోర్డుకు చేతులు వేశాడు, డాక్టరు చేతులు జేబుల్లోంచి తీశాడు, నెమలిని కృష్ణుడి పక్కకు జరిపాడు. వాటిలో ఇప్పుడు ఒక్కటీ లేదు. కొట్లు మారాయి, బోర్డులు మారాయి. గుడి గోడలు రెండూ ఉన్నాయి. ఆయన పోయాక సన్యాసమ్మ బతికినన్నాళ్లు ప్రతి శుక్రవారం వచ్చి, జనం తగ్గేదాకా కూర్చుని, వెళ్లేముందు వెనుక గోడకు చెయ్యి ఆనించి నిలబడేది. ఆమె చెయ్యి కొలతలో ఆ బొమ్మకు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయేది. అది ఎవరి చెయ్యి అని భక్తులు అడిగితే, అమ్మోరిదే అని చెప్పి, కుడిచెయ్యి కొంగు చాటుకు తీసుకునేది.

నేటికీ శుక్రవారాలు, ఆషాఢమాసం పండుగ మూడు రోజులు ఇదే ఆచారం జరుగుతున్నది. భక్తులు మెట్ట కింద కాళ్లు కడుక్కుని, కోరికను కుడి గుప్పిట్లో మూసుకుని, అమ్మవారి ఎదుట మాట్లాడకుండా నిలబడాలి. కోరిక పైకి చెప్పనక్కరలేదు. మూడు ప్రదక్షిణలు చేసి వెనుక గోడ దగ్గర గుప్పిట విప్పాలి. పనిలో చెయ్యి తిరగనివారు, చదువు ఎక్కనివారు, పదిమందిలో ఇది నాకు రాదని చెప్పుకోలేక లోపల లోపల కుమిలేవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. వారికి పని వస్తుందని, అంతవరకు రాని సంగతి అమ్మ బయటపెట్టదని నమ్మకం. కొత్తగా పెళ్లయినవారు జంటగా వచ్చి ఒకరి చేతి మీద ఒకరు చెయ్యి వేసి ఆనిస్తారు.

ఆడవాళ్లు చెయ్యి ఆనించినప్పుడు గాజులు గోడకు తగిలి చిన్న చప్పుడవుతుంది. గోడకు ఈవలివైపు, గుడిలో కూర్చున్న పూజారికి ఆ చప్పుడు వినిపిస్తుంది. అప్పుడాయన గంట ఒకసారి కొట్టి, తరువాతి వారిని లోపలికి పిలుస్తారు.